పెర్ఫార్మెన్స్ పార్టు కంటే ముందు పరీక్షను ఎంచుకోండి: ఏ పార్టును ఏ కొలతతో తూచాలి

ఎయిర్ ఫిల్టర్ మారిస్తే 5 హెచ్‌పీ, ఎగ్జాస్ట్ మారిస్తే 8, రీమ్యాప్ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూలో ప్రోగ్రాం మార్చడం) చేస్తే 25 అని అమ్మేవాళ్లు అంకెలు చెబుతారు. ఆ అంకె నిజమో కాదో తేల్చాలంటే, అంత తేడాను పట్టుకోగలిగే కొలత ముందు మన చేతిలో ఉండాలి. ఏ పార్టూ మార్చకుండా ఒకే కారును ఒకే డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) మీద పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నడిపినా రెండు మూడు శాతం తేడా సులభంగా వస్తుంది. 150 హెచ్‌పీ కారుకు అది 3 నుంచి 4.5 హెచ్‌పీ. ఫిల్టర్ ఇస్తుందన్న లాభమంతా ఆ తేడాలోనే కలిసిపోతుంది. కట్టెలు తూచే కాటా మీద బంగారం తూచడం లాంటిదే ఇది.

అందుకే ఇక్కడ పార్టులను, పరీక్షలను కలిపి పోల్చాం. ఒక పార్టుకు బాగా పనికొచ్చే పరీక్ష ఇంకో పార్టుకు అసలు పనికిరాదు. ఇంటర్‌కూలర్‌ను (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే భాగం) ఒకే ఒక్క డైనో రన్‌తో తేల్చినా, బ్రేక్ ప్యాడ్లను ఒకే ఒక్క సడన్ బ్రేక్‌తో తేల్చినా, కొలత ఎంత జాగ్రత్తగా చేసినా సమాధానం తప్పే వస్తుంది.

ముందు ఏమీ మార్చకుండా ఐదు రన్లు

స్టాక్ పార్టులతోనే (కంపెనీ బిగించిన అసలు పార్టులు), ఒకే పద్ధతిలో, కనీసం ఐదు రన్లు చేయండి. ఉదాహరణకు 101.8, 103.0, 102.1, 102.9, 101.7 హెచ్‌పీ వచ్చాయనుకుందాం. సగటు 102.3. అన్నిటికన్నా పెద్దదానికీ చిన్నదానికీ తేడా 1.3. వీటి స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరాయన్న లెక్క) సుమారు 0.6. కొత్త పార్టుతోనూ ఐదు రన్లు చేసి, వాటిలోనూ ఇంతే హెచ్చుతగ్గులు ఉంటే, రెండు సగటుల మధ్య సుమారు 0.9 హెచ్‌పీ కంటే తక్కువ తేడా వచ్చినప్పుడు దాన్ని లాభమని చెప్పుకోలేం. ఊరికే మళ్లీ కొలిచినా అంత తేడా రావచ్చు.

స్టాక్‌తో ఒక్క రన్, కొత్త పార్టుతో ఒక్క రన్ చేసి పక్కపక్కన పెట్టిన గ్రాఫులే ఎక్కువగా చూస్తుంటాం. పైన ఇచ్చిన ఐదు రన్లలోంచి 101.7ను 'ముందు' అని, 103.0ను 'తర్వాత' అని పెడితే, ఏ పార్టూ మార్చకుండానే 1.3 హెచ్‌పీ లాభం చూపించవచ్చు. ఎవరూ మోసం చేయాల్సిన పని కూడా లేదు. మంచి రన్‌ను దాచుకుని, నచ్చని రన్‌ను 'ఏదో తేడా కొట్టింది' అని పక్కన పెట్టేస్తే చాలు. ఏ రన్‌ను లెక్కలోంచి తీసేయాలన్న నియమం రన్లు మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసుకోండి. గేరు జారడం, టైరు రోలర్ మీద జారడం, నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండడం) వల్ల ఇగ్నిషన్ టైమింగ్ బాగా వెనక్కి తగ్గడం లాంటి, లాగ్‌లో కనిపించే కారణం ఉంటేనే రన్‌ను తీసేయాలి. అంకె నచ్చలేదన్నది కారణం కాదు.

రెండో నియమం ఇంతకంటే ముఖ్యం. స్టాక్, కొత్తది అని ఆపేయకండి. స్టాక్, కొత్తది, మళ్లీ స్టాక్ అని మూడు విడతలు చేయండి. డైనో మీద మొదటి రెండు మూడు రన్లలో టైర్లు, గేర్‌బాక్స్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ వేడెక్కి రాపిడి తగ్గుతుంది కాబట్టి అంకె తనంతట తానే పెరుగుతుంది. ఆ తర్వాత బానెట్ కింద వేడి నిండి తగ్గడం మొదలవుతుంది. కొత్త పార్టు పెరిగే దశలో పడితే హీరో, తగ్గే దశలో పడితే జీరో. చివర స్టాక్ పార్టు మళ్లీ బిగించినప్పుడు అంకె మొదటి సగటుకు తిరిగి వస్తే మధ్యలో చూసిన తేడా పార్టుదే. తిరిగి రాకపోతే ఆ రోజు కొలతలను పక్కన పెట్టేయాలి. పార్టును మళ్లీ విప్పి బిగించడానికి బద్ధకించేది ఇక్కడే. కానీ మొత్తం పరీక్షలో అన్నిటికన్నా విలువైన అరగంట అదే.

ఏ డైనో?

ఇనర్షియా డైనోలో ఒక బరువైన డ్రమ్ము ఉంటుంది. చక్రాలు దాన్ని ఎంత త్వరగా తిప్పగలిగితే అంత పవర్ అని లెక్కేస్తుంది. వాడటం తేలిక, డ్రైవర్ నడిపే తీరు ప్రభావం తక్కువ, ఒకే రోజు ఒకే కారుకు రన్లు చాలా దగ్గరగా వస్తాయి. ఫిల్టర్, ఎగ్జాస్ట్ లాంటి చిన్న తేడాలను స్టాక్‌తో పోల్చడానికి ఇది చాలు. అయితే లోపమొకటి ఉంది. చక్రం, బ్రేక్ డిస్క్, ఫ్లైవీల్ లాంటి తిరిగే భాగాలను వేగం పెంచడానికి ఖర్చయ్యే పవర్ డ్రమ్ము దాకా చేరదు. కాబట్టి తేలికైన అలాయ్ చక్రాలు వేస్తే ఇనర్షియా డైనో 'హెచ్‌పీ పెరిగింది' అంటుంది. ఇంజన్ ఒక్క వాట్ కూడా ఎక్కువ ఇవ్వలేదు. అదే చక్రాలను స్థిరమైన ఆర్‌పీఎం దగ్గర బ్రేక్ డైనో మీద కొలిస్తే తేడా కనిపించదు.

బ్రేక్ డైనోలో ఎడ్డీ కరెంట్ బ్రేకో, నీటి బ్రేకో రోలర్‌ను పట్టి ఉంచుతుంది. ఇంజన్‌ను 3,000 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టి, లోడ్ పెట్టి, కొన్ని సెకన్లపాటు చూడవచ్చు. రీమ్యాప్‌కు, టర్బో బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి పీడనం) ఎలా నిలుస్తోందో చూడటానికి మా ఓటు దీనికే. టర్బో బండిని ఇనర్షియా డ్రమ్ము మీద తేలిక లోడ్‌తో, తక్కువ గేరులో నడిపితే బూస్ట్ పూర్తిగా పెరిగే లోపే రన్ అయిపోతుంది. అప్పుడు మధ్య ఆర్‌పీఎంలో టార్క్ అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది.

హబ్ డైనోలో చక్రాలు విప్పి హబ్‌కే నేరుగా యంత్రాన్ని బిగిస్తారు. టైరు జారడం, టైరు గాలి, బెల్టులు ఎంత బిగించారన్న తలనొప్పులన్నీ పోతాయి. పవర్ ఎక్కువున్న కార్లకు, ఫోర్ వీల్ డ్రైవ్ కార్లకు, ఒక శాతం లోపు తేడా వెతికేవారికి అందుబాటులో ఉంటే ఇదే తీసుకోండి. బిగించడానికి సమయం ఎక్కువ పడుతుంది. చక్రాలు లేవు కాబట్టి చక్రాలు, టైర్ల పరీక్షకు పనికిరాదు.

రోలర్ డైనో వాడితే ఇవి ప్రతి విడతలో ఒకేలా ఉండాలి: టైరు గాలి (చల్లగా ఉన్నప్పుడు కొలిచి రాసుకోవాలి), బెల్టులు కట్టిన చోటు, బిగువు, గేరు, రన్ మొదలయ్యే ఆర్‌పీఎం, ఫ్యాన్ ఉన్న దూరం. బెల్టు గట్టిగా లాగి కట్టేకొద్దీ టైరు రోలర్ మీద ఎక్కువ నొక్కుకుని, రాపిడి పెరిగి అంకె తగ్గుతుంది. గేరు నిష్పత్తి 1:1కి దగ్గరగా ఉన్నది వాడాలి, చాలా ఐదు గేర్ల మాన్యువల్ కార్లలో అది నాలుగో గేరు. స్టాక్‌ను మూడో గేరులో, కొత్తదాన్ని నాలుగో గేరులో నడిపితే ఆ పోలిక పనికిరాదు. ఆటోమేటిక్ అయితే గేరు లాక్ చేయాలి, టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు జారకుండా కలిపే పట్టు) రెండు విడతల్లోనూ ఒకే స్థితిలో ఉండాలి.

రెండు వేర్వేరు డైనోల అంకెలను మాత్రం ఎప్పుడూ పక్కపక్కన పెట్టకండి. ఒక డైనో ఎక్కువ చూపిస్తుంది, ఒకటి తక్కువ చూపిస్తుంది. వాటి మధ్య తేడా మీ పార్టు ఇచ్చే లాభం కంటే చాలా పెద్దది కావచ్చు. అలాగే చక్రం దగ్గర కొలిచిన అంకెకు '15 శాతం నష్టం' అని కలిపి ఇంజన్ దగ్గరి అంకె తయారు చేయకండి. నష్టం గేర్‌బాక్స్ రకాన్ని, ఆయిల్ వేడిని, వేగాన్ని బట్టి మారుతుంది. చక్రం అంకెను చక్రం అంకెతోనే పోల్చాలి.

కరెక్షన్ ఫ్యాక్టర్

గాలి వేడిగా, పలచగా ఉంటే ఇంజన్‌కు ఆక్సిజన్ తక్కువ అందుతుంది. అందుకని డైనో సాఫ్ట్‌వేర్ ఆ రోజు వాతావరణాన్ని ఒక ప్రమాణానికి సరిచేస్తుంది. అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ ఇచ్చిన జే1349 ప్రమాణం 25 డిగ్రీల సెల్సియస్, 990 మిల్లీబార్ పొడి గాలి. పాత జే607 ప్రమాణం అంతకంటే చల్లని, చిక్కని గాలిని ఆధారంగా తీసుకుంటుంది కాబట్టి అదే రన్‌ను దాదాపు 4 శాతం ఎక్కువ చేసి చూపిస్తుంది. గ్రాఫ్ మూలన చిన్న అక్షరాల్లో ఉండే ఈ పేరును తప్పకుండా చూడండి. 'ముందు' గ్రాఫ్ జే1349లో, 'తర్వాత' గ్రాఫ్ జే607లో ఉంటే 150 హెచ్‌పీ కారు ఏమీ చేయకుండానే 156 అవుతుంది.

జే1349 లెక్క ఇది: 990ని ఆ రోజు పొడి గాలి పీడనంతో భాగించాలి. గాలి ఉష్ణోగ్రతకు 273 కలిపి, 298తో భాగించి, దాని వర్గమూలంతో గుణించాలి. వచ్చినదాన్ని 1.18తో గుణించి 0.18 తీసేయాలి. 35 డిగ్రీలు, 970 మిల్లీబార్ ఉన్న రోజున ఫ్యాక్టర్ 1.044 వస్తుంది, అంటే డైనో 4.4 శాతం కలుపుతోందన్నమాట.

ఇప్పుడు ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ ఎక్కడ పెట్టారో చూడండి. రేడియేటర్ నుంచి వచ్చే వేడి గాలి దానికి తగిలి 25కు బదులు 35 చూపిస్తే, ఇంజన్ నిజంగా పీల్చేది 25 డిగ్రీల గాలే అయినా సాఫ్ట్‌వేర్ 2 శాతం ఉత్తపుణ్యానికి కలిపేస్తుంది. 150 మీద అది 3 హెచ్‌పీ. ప్రోబ్ ఇంజన్ గాలి పీల్చే చోటికి దగ్గరగా, వేడి తగలకుండా ఉండాలి, రెండు విడతల మధ్య కదలకూడదు.

టర్బో కార్ల సంగతి వేరు. ఈసీయూ బూస్ట్‌ను ఒక లక్ష్యానికి పట్టి ఉంచే కార్లలో, బయట గాలి పలచబడితే టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. కోల్పోని పవర్‌ను కూడా కరెక్షన్ కలిపేస్తుంది. ఎత్తైన ప్రాంతాల్లో తీసిన టర్బో గ్రాఫులు ఉబ్బి కనిపించేది ఇందుకే. టర్బో కారుకు కరెక్షన్ లేని అంకెలనూ అడిగి తీసుకోండి, ఒకే రోజు తీసిన విడతలనే పోల్చండి.

స్మూతింగ్ సెట్టింగ్ (గ్రాఫ్ గీతలోని ముళ్లను చదును చేసేది) కూడా రెండు గ్రాఫులకూ ఒకటే ఉండాలి. స్మూతింగ్ తగ్గిస్తే పీక్ దగ్గర చిన్న ముల్లు లేచి రెండు హెచ్‌పీ ఎక్కువ చూపిస్తుంది. అసలు పీక్ ఒక్కటే చూడటం మానేసి, మీరు రోజూ వాడే ఆర్‌పీఎంలో గీత ఎక్కడుందో చూడండి.

డైనో లేకపోతే: రోడ్డు కొలత

మూసిన ట్రాక్ మీద గానీ, అనుమతి తీసుకున్న ఖాళీ స్థలంలో గానీ చేయాలి, జనం తిరిగే రోడ్డు మీద ఈ పని చేయకూడదు. పద్ధతి తేలికే: ఒకే గేరులో, నిలకడ వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, 80 నుంచి 120 కిలోమీటర్ల వేగానికి పట్టిన సమయం కొలవాలి. నిలబడిన చోటు నుంచి 0–100 కొలతను పార్టు పోలికకు వాడకండి. క్లచ్, టైరు పట్టు, గేరు మార్చే చెయ్యి కలిసి పార్టు తేడాను మింగేస్తాయి.

ఈ కొలతను ఏవి పాడుచేస్తాయో లెక్కగట్టి చూస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. 1,400 కిలోల కారు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు కంటికి కనపడని 1 శాతం ఎత్తు సుమారు 3.8 కిలోవాట్లు, అంటే 5 హెచ్‌పీ తినేస్తుంది. సాధారణ హ్యాచ్‌బ్యాక్ ఆకారానికి గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి ఇంకో 2 హెచ్‌పీకి పైగా లాక్కుంటుంది. 70 కిలోల మనిషి ఒకరు ఎక్కితే బరువు 5 శాతం పెరిగి సమయమూ దాదాపు అంతే పెరుగుతుంది. 30 లీటర్ల పెట్రోల్ అంటే 22 కిలోలు. కాబట్టి ప్రతి రన్‌నూ ఒకే చోట మొదలుపెట్టి, రెండు దిక్కులా చేసి, సగటు తీయాలి. ట్యాంకు ఒకే స్థాయిలో ఉండాలి. గాలి గట్టిగా వీస్తుంటే ఆ రోజుకు ఆపేయాలి.

సెకనుకు ఒక్కసారే స్థానం చెప్పే ఫోన్ జీపీఎస్ ఈ పనికి చాలదు. ఆరు సెకన్ల రన్‌లో 3 శాతం పవర్ పెరిగితే వచ్చే తేడా 0.2 సెకన్ల లోపే. సెకనుకు కనీసం 10 సార్లు, వీలైతే 20 సార్లు రికార్డు చేసే జీపీఎస్ పరికరం కావాలి. ఓబీడీ రీడర్ (కారు డయాగ్నస్టిక్ సాకెట్‌లో పెట్టి ఈసీయూ డేటా చదివే పరికరం) వాడితే వేగం చానెల్‌ను వదిలేసి ఆర్‌పీఎం చూడండి. ఓబీడీలో వేగం ఒక్కో కిలోమీటర్ మెట్టుగా వస్తుంది, ఆర్‌పీఎం పావు మెట్టుగా వస్తుంది. గేరు లాక్ అయి ఉంటే ఆర్‌పీఎం అంటే వేగమే. 3,000 నుంచి 5,500 వరకు ఎంత సమయం పట్టిందో తీసుకోండి. ఒకేసారి పది చానెళ్లు పెడితే ఒక్కోటి సెకనుకు ఒకసారి కూడా రాదు, మూడు నాలుగుకు మించి పెట్టకండి.

కొలత జాగ్రత్తగా చేస్తే రోడ్డు మీద 3 శాతం దాకా తేడా పట్టుకోవచ్చు. రీమ్యాప్‌కు, ఇంటర్‌కూలర్‌కు ఇది సరిపోతుంది, ఫిల్టర్‌కు సరిపోదు.

ఇక పార్టుల వారీగా

ఎయిర్ ఫిల్టర్‌కు హెచ్‌పీ కొలవడం కంటే పీడనం కొలవడం మేలు. ఫిల్టర్ తర్వాత, థ్రాటిల్‌కు ముందు ఉన్న గొట్టానికి సన్నని పైపు తగిలించి, నీళ్లు పోసిన యూ ఆకారపు పారదర్శక గొట్టానికి కలపండి. ఫుల్ థ్రాటిల్‌లో, పీక్ పవర్ ఆర్‌పీఎం దగ్గర రెండు వైపులా నీటిమట్టాల తేడా చూడండి. సుమారు 10 సెంటీమీటర్ల తేడా 1 కిలోపాస్కల్ అవుతుంది. గొట్టం ఒక్కో వైపు అర మీటరైనా పొడవుండాలి, లేకపోతే ఇంజన్ నీళ్లు పీల్చేస్తుంది. టర్బో బండికి, లేదా నీళ్లంటే భయం ఉంటే, డిజిటల్ మానోమీటర్ వాడండి.

వాతావరణ పీడనం దాదాపు 100 కిలోపాస్కల్స్ కాబట్టి, టర్బో లేని ఇంజన్‌కు 1 కిలోపాస్కల్ అడ్డంకి తొలగితే గాలి 1 శాతం పెరిగినట్టే. స్టాక్ ఎయిర్‌బాక్స్ మొత్తం అడ్డంకి 2 కిలోపాస్కల్స్ అని కొలతలో తేలితే, ప్రపంచంలో ఏ ఫిల్టర్ వేసినా 2 శాతానికి మించి రాదు. అందులోనూ ఫిల్టర్ వాటా ఎంతో తెలియాలంటే, దుమ్ము లేని గదిలో, డైనో మీద, ఫిల్టర్ ఎలిమెంట్ తీసేసి ఒక్క రన్ చేసి చూడండి. ఏ కొత్త ఫిల్టరూ 'ఫిల్టర్ అసలు లేకపోవడం' కంటే తక్కువ అడ్డు పెట్టలేదు. ఆ ఒక్క కొలతే కొనాలా వద్దా అన్నది చాలావరకు తేల్చేస్తుంది. పోల్చేటప్పుడు కొత్త పెర్ఫార్మెన్స్ ఫిల్టర్‌ను మట్టిపట్టిన పాత పేపర్ ఫిల్టర్‌తో కాకుండా, కొత్త పేపర్ ఫిల్టర్‌తోనే పోల్చండి.

ఫిల్టర్ అసలు పని దుమ్ము ఆపడం. ఐఎస్‌ఓ 5011 పద్ధతిలో చేసిన పరీక్ష నివేదికలో అడ్డంకి, దుమ్ము ఆపే సామర్థ్యం, ఎంత దుమ్ము పట్టేదాకా పనిచేస్తుందన్న మూడూ ఉంటాయి. 'ఎక్కువ గాలి వెళ్తుంది' అని మాత్రమే చెప్పి ఆ నివేదిక చూపించని ఫిల్టర్‌ను మేము సిఫారసు చేయం. 99 శాతం ఆపే ఫిల్టర్‌కూ 97 శాతం ఆపే ఫిల్టర్‌కూ తేడా రెండు శాతమే అనిపిస్తుంది, కానీ ఇంజన్‌లోకి పోయే దుమ్ము మూడు రెట్లవుతుంది. ఆయిల్ పూసే కాటన్ ఫిల్టర్లకు ఆయిల్ ఎక్కువైతే అది ఎంఏఎఫ్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) తీగ మీద చేరి గాలి లెక్క తప్పిస్తుంది. సెన్సర్ ఉండే గొట్టం వ్యాసం పెంచే ఇన్‌టేక్ కిట్‌తో ఇంకో ప్రమాదం ఉంది. ఈసీయూ గాలిని తప్పుగా లెక్కవేసి మిశ్రమంలో ఇంధనం తగ్గించి పలచన చేస్తుంది. పలచన మిశ్రమం వల్ల ఒకటి రెండు హెచ్‌పీ పెరిగినట్టు కనిపించవచ్చు, అది కిట్ గొప్పతనం కాదు. లాంబ్డా రీడింగ్ (గాలికీ ఇంధనానికీ ఉన్న నిష్పత్తి) లేకుండా ఇన్‌టేక్ పరీక్షను నమ్మకండి.

ఓపెన్ కోన్ ఫిల్టర్‌ను బానెట్ తెరిచి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి కొలిస్తే అది చల్లగాలి పీలుస్తుంది. రోడ్డు మీద బానెట్ మూసి ఉంటుంది, అది ఇంజన్ వేడినే పీలుస్తుంది. ఇన్‌టేక్ గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత 3 శాతానికి పైగా పడిపోతుంది. కోన్ ఫిల్టర్ ఇచ్చే లాభం కంటే అది ఎక్కువ. బానెట్ మూసి, ఇన్‌టేక్ ఉష్ణోగ్రతను లాగ్ చేస్తూ కొలిచిన అంకే లెక్క.

ఎగ్జాస్ట్‌లో చెవి మోసం చేస్తుంది. శబ్దం పెరిగితే పికప్ పెరిగినట్టే అనిపిస్తుంది. ఇక్కడా ముందు పీడనమే కొలవండి. క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందు, తర్వాత ఒక్కో చిన్న బంగ్ (గేజ్ గొట్టం బిగించే మరల రంధ్రం) వెల్డ్ చేయించి, ఒక అడుగు స్టీలు గొట్టం తర్వాత రబ్బరు పైపుతో గేజ్‌కు కలపండి. ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రాన్ని వాడితే ఈసీయూ లెక్క మారిపోయి పరీక్ష పాడవుతుంది. కన్వర్టర్ ముందు 20, తర్వాత 6 కిలోపాస్కల్స్ ఉన్నాయనుకోండి. అప్పుడు వెనక సైలెన్సర్ మార్చి తగ్గించగలిగేది ఆ 6లో కొంత భాగమే. మొత్తం కిట్ కొనాలన్న ఆశ చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. హెడర్లు (ఇంజన్ నుంచి పొగ బయటికి వచ్చే మొదటి గొట్టాలు) మార్చితే పీక్ ఒక్కటే చూడకండి, 2,000 నుంచి 4,000 ఆర్‌పీఎం మధ్య టార్క్ తగ్గిందేమో చూడండి.

శబ్దాన్ని కూడా కొలిచే పోల్చాలి. ఐఎస్‌ఓ 5130 పద్ధతిలో మైకు గొట్టం మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో, మూతి ఎత్తులోనే, నేలకు కనీసం 20 సెంటీమీటర్ల పైన ఉండాలి. పీక్ పవర్ 5,000 నుంచి 7,500 ఆర్‌పీఎం మధ్య వచ్చే ఇంజన్లను 3,750 దగ్గర పట్టి వదలాలి. చట్టం ఒప్పుకునే హద్దు దాటితే హెచ్‌పీ ఎంతైనా ఆ పార్టు రోడ్డుకు పనికిరాదు.

రీమ్యాప్ పోలిక ఒక రకంగా సుళువు. పాత ఫైలు, కొత్త ఫైలు, మళ్లీ పాత ఫైలు వేయడానికి పానా కూడా పట్టుకోనక్కర్లేదు. అయితే ఫ్లాష్ చేసిన వెంటనే ఈసీయూ నేర్చుకున్న ఫ్యూయల్ ట్రిమ్ (ఇంధనం సర్దుబాటు), నాక్ సవరణలు చెరిగిపోతాయి. మొదటి రన్ మరీ బాగా వచ్చి, తర్వాత నాక్ విని టైమింగ్ తగ్గించుకుంటే ఆ రెండోదే అసలు పవర్. ట్రిమ్‌లు కుదురుకునే దాకా నడిపి, అప్పుడు కొలవండి. బ్యాటరీ వైరు తీసి పెట్టిన తర్వాతా ఇదే జాగ్రత్త. ఇంధనం ఒకే ట్యాంకుది, ఒకే ఆక్టేన్‌ది కావాలి. హెచ్‌పీ గ్రాఫుతో పాటు లాంబ్డా, బూస్ట్, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, నాక్ వల్ల తగ్గిన టైమింగ్ అడగండి. రెండు మ్యాపుల్లో ఒకటి 4 హెచ్‌పీ తక్కువ ఇచ్చి నాక్ లేకుండా నడుస్తుంటే, ఏమాత్రం సందేహించకుండా దాన్నే తీసుకోండి. వేసవి మధ్యాహ్నం ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్‌ను కాపాడేది అదే.

యాక్సిలరేటర్ పెడల్‌కు తగిలించే బూస్టర్ పెట్టెలు పెడల్ లెక్కను మాత్రమే మారుస్తాయి. సగం తొక్కితే ముప్పాతిక తొక్కినట్టు ఈసీయూకు చెబుతాయి. ఫుల్ థ్రాటిల్ సమయం మారదు. ఓబీడీ సాకెట్‌లో గుచ్చే పెట్టెలకు డైనో కూడా అక్కర్లేదు. గుచ్చక ముందు, గుచ్చిన తర్వాత ఇగ్నిషన్ టైమింగ్, లాంబ్డా, బూస్ట్ లాగ్ చేయండి. వాటిలో ఏదీ మారకపోతే పవర్ మారే దారే లేదు.

ఇంటర్‌కూలర్‌కు ఒక్క రన్ చాలదని మొదట్లోనే అన్నాం. కారణం, లోహపు బరువే మొదటి రన్ వేడిని పీల్చేస్తుంది, చిన్న కూలర్ కూడా మొదటిసారి బాగానే కనిపిస్తుంది. 30 సెకన్ల విరామంతో వరసగా ఐదారు రన్లు చేసి, మొదటిదాన్ని వదిలేసి ఐదోదాన్ని పోల్చండి. కూలర్ లోపలికి, బయటికి రెండు చోట్లా ఉష్ణోగ్రత, పీడనం కొలవాలి. లోపలికి 130, బయటికి 50, బయటి గాలి 30 డిగ్రీలైతే, రావాల్సిన 100 డిగ్రీల తగ్గుదలలో 80 వచ్చింది, పనితనం 80 శాతం. పీడన నష్టం ఎక్కువున్న కూలర్ చల్లబరిచినా టర్బో మీద భారం పెంచుతుంది, అందుకే రెండూ చూడాలి. డైనో ఫ్యాన్ రోడ్డు మీద వచ్చే గాలికి సాటిరాదు కాబట్టి దీనికి ట్రాక్ మీది లాగ్‌నే ఎక్కువగా నమ్మండి.

బ్రేక్ ప్యాడ్లకు మాత్రం చాలామంది తప్పు పరీక్ష చేస్తారు. 100 వేగం నుంచి ఒక్కసారి గట్టిగా తొక్కి ఆగే దూరం కొలుస్తారు. ఏబీఎస్ పనిచేసిందంటే హద్దు టైరుది, ప్యాడ్‌ది కాదు. మంచి ప్యాడైనా మామూలు ప్యాడైనా దూరం దాదాపు ఒకటే వస్తుంది. తేడా తెలిసేది వేడిలో. 1,400 కిలోల కారును 100 నుంచి ఆపితే 540 కిలోజౌళ్ల శక్తి బ్రేకుల్లోకి పోతుంది. తయారీదారు చెప్పిన పద్ధతిలో ప్యాడ్లను బెడ్డింగ్ (కొత్త ప్యాడ్‌ను డిస్క్‌కు అలవాటు చేయడం) చేశాక, మూసిన ట్రాక్ మీద 100 నుంచి 20కి, ఒకే బ్రేకింగ్ బలంతో, ఒకే విరామంతో పది సార్లు తొక్కండి. పదోసారి అదే బలానికి పెడల్ ఎంత గట్టిగా తొక్కాల్సి వచ్చింది, డిస్క్ ఎంత వేడెక్కిందన్నదే పోలిక. మెరిసే డిస్క్ మీద ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ తక్కువ చూపిస్తుంది, ఉష్ణోగ్రతను బట్టి రంగు మారే పెయింట్ నమ్మదగినది.

పెడల్ మెత్తబడిందంటే ప్యాడ్‌ను తిట్టే ముందు ఫ్లూయిడ్ చూడండి. డాట్ 4 ఫ్లూయిడ్‌కు కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు, తేమ పీల్చాక ప్రమాణం ఒప్పుకునేది 155 మాత్రమే. పాత ఫ్లూయిడ్‌తో చేసిన ప్యాడ్ పోలికలో కొలిచింది ఫ్లూయిడ్‌నే. రెండు ప్యాడ్లకూ కొత్త ఫ్లూయిడ్, కొత్త డిస్కులు ఉండాలి. ఒక ప్యాడ్ వదిలిన పొర మీద ఇంకో రకం ప్యాడ్ సరిగ్గా పట్టదు. ప్యాడ్ అంచున ఉండే రెండు అక్షరాల్లో మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో రాపిడి స్థాయి. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఈ అంటే ఎఫ్ కంటే తక్కువ కాబట్టి, వేడిలో రాపిడి పడిపోయే 'జీఈ' కంటే 'ఎఫ్‌ఎఫ్' రోజువారీ బండికి నిలకడైన ఎంపిక.

సస్పెన్షన్‌కు ల్యాప్ టైము కంటే గుండ్రటి స్కిడ్‌ప్యాడ్ నయం. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయం 11.5 సెకన్లలో తిరిగితే పక్క బలం 0.91 జీ. టైర్లు అవే, గాలి అంతే, రెండు దిక్కులా తిరగాలి. టైర్లు అరిగేకొద్దీ, వేడెక్కేకొద్దీ పట్టు మారుతుంది కాబట్టి ఇక్కడ చివర స్టాక్‌కు తిరిగి రావడం మరీ ముఖ్యం.

వేరేవాళ్లు చేసిన పరీక్ష చూపించి అమ్ముతుంటే

ఎన్ని రన్లు చేశారు, అన్నిటి అంకెలూ ఉన్నాయా, చివర స్టాక్ పార్టు మళ్లీ వేశారా, కరెక్షన్ పేరేమిటి, స్మూతింగ్ ఎంత, బానెట్ మూసి ఉందా, అదే రోజున ఇంకేమైనా మార్చారా అని అడగండి. ఫిల్టర్, ఎగ్జాస్ట్, రీమ్యాప్ మూడూ ఒకేసారి వేసి 30 హెచ్‌పీ చూపిస్తే, అందులో ఫిల్టర్ వాటా ఎంతో ఆ గ్రాఫ్ నుంచి ఎవరూ చెప్పలేరు. సిలిండర్ హెడ్లు, మానిఫోల్డ్‌లకు ఇచ్చే ఫ్లో బెంచ్ (భాగంలోంచి ఎంత గాలి వెళ్తుందో కొలిచే యంత్రం) అంకెలకు ఏ పీడనం దగ్గర కొలిచారో రాసి ఉండాలి. సాధారణంగా వాడేది 28 అంగుళాల నీటి పీడనం. అదే హెడ్‌ను 10 అంగుళాల దగ్గర కొలిచి 100 అని రాస్తే, 28 అంగుళాల దగ్గర అది సుమారు 167. పీడనం రాయని అంకెలను పోల్చకండి.

డైనో మీద మీకు దొరికేది రెండు గంటలే అయితే ఒక్క పార్టుకే వాడండి. మొదటి అరగంట వేడెక్కించడానికి, లెక్కలోకి రాని రెండు రన్లకు. తర్వాత స్టాక్‌తో ఐదు, కొత్తదానితో ఐదు, మళ్లీ స్టాక్‌తో మూడు. ప్రతి రన్‌నూ కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాకే మొదలుపెట్టండి, గడియారం చూసి కాదు. రెండో పార్టు కూడా చూసేద్దామనిపిస్తే, ఆ సమయాన్ని చివరి స్టాక్ రన్లకే ఇచ్చి, ఆ పార్టును ఇంకో రోజుకు పెట్టుకోండి.